మొసలి లేని సాక్ష్యం

ఏమే అమ్మడూ, వచ్చే ఆదివారం చర్చిలో నిన్ను సాక్ష్యం చెప్పమన్నారటగా? మరి ఆ మొహం అలా వేలాడేశావేం? చెప్పడానికేమీ లేదా? రా, ఇలా కూర్చో. ఆ కుర్చీ కాదు, దాని కాలు నాకన్నా ముందే పోయేలా ఉంది, ఇది లాక్కో. "నా బతుకులో ఏం జరిగింది తాతయ్యా, చదువుకున్నాను, ఉద్యోగానికి వెళ్తున్నాను, ఇంటికొచ్చి పడుకుంటున్నాను, ఇది లేచి నిలబడి చెప్తే జనం ఆవలిస్తారు" అంటావు, అంతేగా? అచ్చం ఈ మాటే అంటూ, ఈ మొహమే పెట్టుకుని, చర్చిలో నా పక్కన ఒక మహానుభావుడు ఏళ్ళ తరబడి కూర్చున్నాడు. ఆయన పోయి చాలా కాలమైందిలే, అప్పటికి నువ్వింకా పుట్టలేదు. ఆయన సంగతి చెప్తాను విను. ఆగు మరి, బళ్ళో పద్యాలు చెప్పి చెప్పి అరిగిన నోరిది, దండం పెట్టుకోనిదే కథలోకి అడుగుపెట్టదు. కళ్ళు మూసుకో. కాలచక్రమును కరమున ద్రిప్పుచు, త్రిప్పి త్రిప్పి విసుగెరుగని దయామయా! కీలు సడలినవారిని బిగించువాడా, బిగుసుకొనిపోయినవారిని సడలించువాడా! ఈ ముదుసలి నాలుకకు తడబాటు రానీయక, ఈ చిన్నదాని కన్నులకు కునుకు రానీయక, ఈ కథను ఒడ్డు చేర్పుము. ఊఁ, తెరువు. ఇది గడియారాలాయన కథ. నవ్వుతావేం? ఆయనకీ పేరుండేది, కానీ ఎవరూ వాడలేదు, కొత్త చొక్కాలా అలాగే మడతపెట్టి ఉండిపోయింది. ఊరంతా గడియారాలాయనే.

ఆయన దుకాణం దర్జీ కొట్టుకీ మందుల షాపుకీ మధ్య ఉండేది. దుకాణమంటే ఏమనుకున్నావు, ఒక మనిషి, ఒక బల్ల, బల్లకి సొరుగులు, అంతే. రెండో మనిషి లోపలికి రావాలంటే మొదటి మనిషి బయటికి వెళ్ళాలి. కుడికంటికి ఎప్పుడూ భూతద్దం. అది పెట్టీ పెట్టీ కంటి చుట్టూ గుండ్రంగా ఓ గాడి పడిపోయింది. చర్చికి వచ్చినా, పెళ్ళికి వచ్చినా, ఎవరి మొహంలోకి చూసినా వాళ్ళలో ఏ చక్రం అరిగిందో అని చూస్తున్నట్టే ఉండేది. మంచివాడు. మంచివాడంటే మామూలు మంచివాడు కాదమ్మా, విసుగు పుట్టించే మంచివాడు. తాగడు, తిట్టడు, సుత్తి వేలి మీద పడితే "అయ్యో" అని వేలితో అనేవాడు, సుత్తితో ఒక్క మాట అనేవాడు కాదు. గడియారం తీసుకెళ్తే "రేపు రండి" అనేవాడు. ఆ వృత్తిలో రేపంటే ఎప్పుడో నీకు తెలుసుగా? ఈయనకి మాత్రం రేపంటే రేపే. చర్చిలో తప్పిపోయిన కొడుకు నాటకం వేసినప్పుడల్లా ఈయనకి పెద్దకొడుకు వేషం ఇచ్చేవారు. అదే, తమ్ముడు తిరిగొచ్చాడని ఇంట్లో విందు జరుగుతుంటే అలిగి బయట నిలబడతాడు చూడు, ఆ వేషం. "లోపలికి రాను!" అని ఉరమాలి. ఈయన "లోపలికి రానండీ, ఏమనుకోకండీ" అనేవాడు. నేర్పించేది నేనే. "కోపం రావాలండీ మహానుభావా, కోపం" అని నెత్తీ నోరూ బాదుకునేవాణ్ణి. "ప్రయత్నిస్తున్నాను మాస్టారూ" అనేవాడు పాపం.

మరి అప్పట్లో సాక్ష్యాల ఆదివారమంటే ఇప్పటిలా కాదు. నెలాఖరున, ప్రసంగం అయ్యాక, ఒక్కొక్కరే లేచి దేవుడు తమకి చేసిన మేలు చెప్పుకోవాలి. ఒకావిడకి తలనొప్పి పోయేది, ఒకాయనకి లారీ బ్రేకులు పడేవి. కానీ జనం అసలు వచ్చేది ఒక్కడి కోసం. తుఫాను. అలా పిలిచేవాళ్ళం వాణ్ణి; గడియారాలాయన బావమరిది, వాళ్ళావిడ సొంత తమ్ముడు. ఒకప్పుడు పచ్చి తాగుబోతు, తర్వాత మారాడు. నిజంగా మారాడు సుమా, ఆ మాటకి వంక పెట్టలేం. కానీ చెప్పే తీరు చూశావూ! మొదటిసారి లేచి, "తాగి మురిక్కాలవలో పడ్డాను, ఒక చెయ్యి వచ్చి లాగింది, ఆ రోజు నుంచి మానేశాను" అని ఏడ్చి కూర్చున్నాడు. మేమందరం ఏడ్చాం. మరుసటి ఏడాదికి మురిక్కాలవ కాస్త పెద్ద కాలవైంది. ఆ తర్వాత అది నదైంది. నదికి వరదొచ్చింది. వరదలో మొసలి వచ్చింది. "నోరు ఇంత తెరిచింది సహోదరులారా!" అని చేతులు చాపితే ముందు వరస వాళ్ళు కాళ్ళు పైకి లాక్కునేవారు. ఇక ఆ చెయ్యి ఉందే, అది మొదట వట్టి చెయ్యి, తర్వాత తెల్లటి చెయ్యి, ఆఖరికి రెక్కలు మొలిచిన దేవదూత అయిపోయింది. "రెక్కల గాలికే సగం నీళ్ళు ఇంకిపోయాయి!" అనేవాడు. పిల్లలు ఈలలు వేసేవారు. అయ్యగారు, అంటే పాస్టరుగారు, కళ్ళు ఒత్తుకుంటూ, "ఇప్పుడు బావగారు" అనేవారు. గడియారాలాయన లేచేవాడు. గొంతు సవరించుకునేవాడు. "వందనాలండీ. నాకంతా బాగానే ఉందండీ" అని కూర్చునేవాడు. వెనకనుంచి ఎవడో కొంటెవాడు, "ఈయన పరలోకానికి వెళ్తే ద్వారం దగ్గర చెప్పులు చూసుకోమంటారు" అనేవాడు. ఫక్కున నవ్వు. ఆయనా నవ్వేవాడు, మర్యాద కోసం.

నేనూ నవ్వులాటే అనుకున్నాను, ఒకరోజు మెట్ల మీద చెప్పులు వేసుకుంటూ ఆయన ఒక మాట అనేదాకా. "మాస్టారూ, దేవుడు ఎవరెవర్నో గోతుల్లోంచి లాగాడు. నన్ను గోతిలో పడెయ్యను కూడా లేదు. ఇంతకీ నేను ఆయనకి కనపడ్డానంటారా?" అన్నాడు. ఆ భూతద్దం గాడి పడిన కన్ను తడిగా ఉంది. ఏం చెప్పను? వ్యాకరణం అడిగితే చెప్తాను గానీ. "కనపడకేమండీ" అన్నాను. నా మాట నాకే పేలవంగా తోచింది. అదిగో, అప్పుడు ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడట. ఇదంతా తర్వాత ఆయనే నాతో చెప్పాడు. ఏమిటా నిర్ణయం? పాపం చెయ్యాలి. ఒక్కటి చాలు. చిన్నదైనా ఫరవాలేదు. అది చేసి, శుభ్రంగా పశ్చాత్తాపపడి, క్షమాపణ పొంది, నెలాఖరు ఆదివారానికి సాక్ష్యం సిద్ధం చేసుకోవాలి. రిపేరుకి వచ్చిన గడియారానికి రోజు చెప్పినట్టు చెప్పేసుకున్నాడు! నవ్వు, నవ్వు. నేనూ నవ్వాను, కానీ ఆ మనిషి నవ్వలేదు.

సరే, పాపానికి గురువు కావాలి కదా, తిన్నగా తుఫాను ఇంటికి వెళ్ళాడు. "ఏమోయ్, నాకు తాగడం నేర్పుతావా?" అన్నాడు. తుఫాను కుర్చీలోంచి జారి పడ్డాడు. "బావా! నీకేమైంది? అక్కతో గొడవా?" "గొడవేం లేదు. అది ఎలా చేస్తారో చెప్పు చాలు." "నేను మానేసినవాణ్ణి బావా, దాని పేరెత్తడం కూడా పాపం" అన్నాడు తుఫాను. అని ఊరుకున్నాడా? మనిషికి తనకొచ్చిన విద్య అడిగితే ఆగుతాడా చెప్పు? కాసేపటికి మంచినీళ్ళ గ్లాసు తెచ్చి బావ చేతిలో పెట్టాడు. "ఛఛ, అలా పట్టుకుంటారా, అది దగ్గు మందు కాదు బావా. మొదటి గుక్కకి మొహం ఇలా పెట్టాలి. రెండోదానికి లోకం మీద కసి రావాలి. ఏదీ, కసి తెచ్చుకో!" గడియారాలాయన నీళ్ళు తాగి, "చల్లగా ఉన్నాయి, థాంక్స్" అన్నాడట. "లాభం లేదు బావా, నీకు ఒంట్లోనే లేదు" అని తుఫాను తల కొట్టుకున్నాడు. గుమ్మం దాకా సాగనంపుతూ, "అది సరేగానీ బావా, నాన్న గడియారం ఏమైంది? పార్టు దొరికిందా?" అని అడిగాడు. "చూస్తున్నానోయ్. రేపు" అన్నాడు ఈయన. ఈ మాట కాస్త గుర్తుంచుకో అమ్మడూ, మళ్ళీ వస్తుంది.

ఇక సారా దుకాణానికి బయల్దేరాడు. సాయంత్రం వేళ, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని మరీ. పాపానికి పోతున్నా శుభ్రంగా పోవాలట! లోపల జనం కిటకిట. ఈయన గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఒక్కసారిగా నిశ్శబ్దం. ఎందుకంటావు? ఆ గదిలో ఉన్న ప్రతివాడి చేతి గడియారమూ ఈయన చేతుల మీదుగా వెళ్ళిందే. ఒకడు గ్లాసు బల్లకింద పెట్టాడు. ఇంకొకడు సీసా మీద టోపీ బోర్లించాడు. తాపీమేస్త్రీ లేచి నిలబడి, "మా ఆవిడ పంపిందాండీ?" అన్నాడు. "లేదు, నేను తాగడానికి వచ్చాను" అన్నాడీయన. అందరూ గొల్లుమని నవ్వి, అంతలోనే తల దించుకున్నారు. మనకి బుద్ధి చెప్పడానికి ఎంత నాజూకుగా వచ్చాడురా అనుకున్నారు. ఒక్కొక్కరే లేచి దండం పెట్టి జారుకున్నారు. దుకాణం ఖాళీ! యజమాని ఈయన ముందు సోడా పెట్టాడు. గ్యాసు ముక్కులోకి పోయి గడియారాలాయన తుమ్మాడు. అంతే, ఆయన తాగుడు అక్కడితో సమాప్తం. మర్నాడు పొద్దున్నే ఆ యజమాని వచ్చి, "బాబ్బాబు, మీరు మళ్ళీ మా కొట్టుకి రాకండి, పిల్లలు గలవాణ్ణి" అని కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఆ తాపీమేస్త్రీ ఉన్నాడే, ఆ దెబ్బతో నిజంగానే మానేశాడు. నెలాఖరున సాక్ష్యం చెప్పడానికి అయ్యగారి దగ్గర పేరు కూడా ఇచ్చేశాడు. చూశావా, ఈయన పాపానికి పోతే ఇంకొకడికి సాక్ష్యం దొరికింది!

తాగుడు కుదరలేదు, పోట్లాట సంగతి నాటకంలోనే చూశాం. ఇక మిగిలింది దొంగతనం. ఏం దొంగిలించాలి? ఆయనకి తెలిసింది ఒకటే వస్తువు. మా చర్చిలో వేదికకి ఎదురుగోడ మీద ఒక పెద్ద లోలకం గడియారం ఉండేది. శనివారం దానికి కీ ఇచ్చేది ఈయనే, చర్చి తాళంచెవి ఈయన దగ్గరే ఉండేది. మధ్యాహ్నం ఎవరూ లేని వేళ వెళ్ళి, గోడ మీంచి దించి, దుప్పట్లో చుట్టి, భుజాన వేసుకుని వీధి వెంట నడిచాడు. దుప్పట్లోంచి అది ఠంగు ఠంగుమని గంటలు కొడుతోంది. ఎదురొచ్చినవాళ్ళంతా, "రిపేరాండీ?" అని అడగడమే. "కాదండీ, దొంగతనం" అనబోయి సిగ్గుపడి తల ఊపేవాడు. దర్జీ అయితే ఆయనకి అడ్డొస్తున్న సైకిలు తప్పించి, "పైకి పట్టమంటారా?" అన్నాడు. దొంగ సొత్తుకి దర్జీ ఒక చెయ్యి వేశాడన్నమాట!

ఎలాగో దుకాణంలోకి చేర్చి షట్టరు సగానికి దించాడు. ఇప్పుడు దాచాలి. అంత గడియారం పట్టేది బల్ల అడుగు సొరుగు ఒక్కటే. ఆ సొరుగు ఆయన ఏళ్ళ తరబడి తెరవలేదు. బిగుసుకుపోయింది. మోకాలు ఆనించి లాగాడు. వచ్చింది. లోపల చీకటి. దొంగ సొత్తు పెడదామని చెయ్యి పెట్టి తడిమాడు కదా, సొరుగు ఖాళీగా లేదు. అక్కడ అప్పటికే ఏదో ఉంది. ఒక పాత చేతిరుమాల్లో మూట. విప్పాడు. ఆయన మావగారి గడియారం.

ఊఁ. అదేనమ్మా, తుఫాను అడిగిన గడియారం. మావగారు బతికున్నన్నాళ్ళూ దాన్ని తుడిచిందీ, నూనె వేసిందీ ఈ అల్లుడే. వారం వారం వెళ్ళి, ఆయన మంచం పక్కన కూర్చుని కీ ఇచ్చేవాడు. నోరు తెరిచి అడగలేదు గానీ, ఆ గడియారం తనకే వస్తుందని మనసులో ఒక మూల అనుకున్నాడు. పోయేరోజున ఆ పెద్దాయన దాన్ని తీసి, తాగి గుమ్మం పట్టుకుని ఊగుతున్న కొడుకు చేతిలో పెట్టాడు. వాడు దాన్ని నేలకేసి కొట్టి ముక్కలు చేశాడు. తర్వాత మారాడు చూడు, మారిన వారానికే ఈ ముక్కలు రుమాల్లో కట్టుకుని వచ్చాడు. "బావా, దీన్ని బతికించు, ఇది చేతికి కట్టుకుని చర్చికి వెళ్తాను, నాన్న చూసినట్టుంటుంది" అన్నాడు. "పార్టు లేదోయ్. రేపు రా" అన్నాడు బావ. పార్టు ఉంది. పైసొరుగులో, వేలికి తగిలేంత దగ్గర్లో ఉంది. ఊరందరికీ రేపంటే రేపే అయిన మనిషి, ఒక్కడికి మాత్రం ఏళ్ళకేళ్ళు రేపే చెప్పాడు. కోపం తెచ్చుకోలేదు, తిట్టలేదు, కాదనలేదు. అందుకే అది పాపమని ఆయనకి తట్టనే లేదు. ఆ సాయంత్రం వాళ్ళావిడ టీ తెచ్చింది. బల్ల మీద చూసింది. "ఇది నాన్నది కదూ! పార్టు దొరికిందాండీ?" "దొరికింది." "ఎక్కడ?" "ఇక్కడే." ఆవిడ టీ అక్కడ పెట్టి, ఆయన పని చేస్తున్నంతసేపూ గుమ్మంలో అటు తిరిగి నిలబడిందట.

ఇక నెలాఖరు ఆదివారం. ఏం చెప్పను ఆ ఆదివారం సంగతి! ఈయన హడావిడిలో చర్చి గడియారం తిరిగి పెట్టడం మర్చిపోయాడు. మా అయ్యగారికి కళ్ళెం ఆ గడియారమే. దాన్ని చూసే ప్రసంగం ఆపేవారు. ఆ వేళ తలెత్తి చూస్తే గోడ మీద మేకు ఒక్కటే ఉంది. మేకుని చూశారు, ఆగలేదు. సృష్టి నుంచి మొదలుపెట్టారు. ఓడ కట్టడం అయింది, సముద్రం పాయలవడం అయింది, చంటిపిల్లలు ఏడ్చి ఏడ్చి నిద్రపోయి మళ్ళీ లేచారు. అమ్మగారు, అంటే పాస్టరుగారి భార్య, ముందు వరసలో దగ్గారు. లాభం లేదు. ఒక ముసలమ్మ, "బాబూ, మనల్ని ప్రభువు రాకడదాకా ఇక్కడే ఉంచుతాడా?" అని నన్ను అడిగింది. సరిగ్గా రాజుల కాలంలోకి అడుగుపెడుతుండగా గడియారాలాయన లేచాడు. "అయ్యగారూ, వందనాలు. ఆ గడియారం నేనే దొంగిలించాను" అన్నాడు. జనం కళ్ళు ఎర్రబడ్డాయి, దొంగతనానికి కాదు, ప్రసంగానికి! "నువ్వా ఈ పని చేసింది!" అని తాపీమేస్త్రీ అరిచాడు. "తప్పేనండీ. అది సాక్ష్యం కోసం చేసిన పాపం, అది నా సాక్ష్యం కాదు. నా సాక్ష్యం ఇది" అని జేబులోంచి మావగారి గడియారం తీశాడు. తుఫాను వైపు తిరిగాడు. "పార్టు లేదని చెప్పానోయ్. మొదటిరోజు నుంచీ ఉంది. మావయ్య దీన్ని నీకిచ్చాడని ఇన్నేళ్ళూ నేను గుమ్మం బయటే నిలబడ్డాను. నన్ను క్షమిస్తే లోపలికి వస్తాను" అన్నాడు. గొంతు చిరిగిపోయింది. అన్నేళ్ళు నాటకంలో నేను రప్పించలేకపోయిన గొంతు అది.

తుఫాను నడిచొచ్చి గడియారం తీసుకున్నాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. పెట్టుకున్నవాడు పెట్టుకున్నట్టే ఉండిపోయాడు. ఆఖరికి, "బావా, కాస్త స్లోగా ఉందే" అన్నాడు. "రేపు రా" అన్నాడు బావ, అలవాటుకొద్దీ! నవ్వాలో ఏడవాలో తెలియక అందరూ రెండూ చేశారు. అప్పుడు తుఫాను మా వైపు తిరిగి, "అయితే నేనూ చెప్పాలి. మొసలి లేదు" అన్నాడు. ముందు వరసలో ఒక పిల్ల ఘొల్లుమంది. "వరద లేదు. నది లేదు. మురిక్కాలవే, అదీ బావ దుకాణం ముందుది. దూతకి రెక్కలు లేవు సహోదరులారా, కంటికి భూతద్దం ఉంది. నన్ను లాగిన చేతులకి గడియారం నూనె వాసన. ఆ వాసన నాకు ఆ రోజే తెలిసింది. బావే లాగాడంటే కథ చప్పగా ఉంటుందని రెక్కలు పెట్టాను." గడియారాలాయన నోరు తెరుచుకుని, "అబ్బే, నేను నీకోసం లాగలేదోయ్! నీ కాళ్ళు అడ్డొచ్చి షట్టరు పడలేదు, అందుకు లాగాను!" అన్నాడు. "ఎందుకు లాగితేనేం బావా, బయటికి వచ్చాను కదా" అన్నాడు తుఫాను. గడియారాలాయన అలాగే కూర్చుండిపోయాడు. గాడి పడిన ఆ కంట్లోంచి నీళ్ళు గుండ్రంగా తిరిగి కిందికి జారాయి. నా చెయ్యి పట్టుకుని, "మాస్టారూ, కనపడ్డానండీ" అన్నాడు. ఎవరికి అని నేను అడగలేదు. అయ్యగారు అలవాటుగా తలెత్తి గోడ చూశారు. మేకు. ఈసారి ఆగిపోయారు.

ఆ మేకు ఇంకా... అదిగో, మీ అమ్మ పిలుస్తోంది, విను. వెళ్ళు, అన్నం చల్లారిపోతుంది. ఏమిటీ, ఆదివారం ఏం చెప్పాలా? నన్నడుగుతావేం, నీ గదిలో సొరుగులు లేవూ? సరే, తల వంచు. ఈ కథ విన్నవారికీ, కునికిపాట్లు పడుతూ విన్నవారికీ, మధ్యలో లేచి వెళ్ళినవారికీ శుభమగుగాక. వారి గోతుల దగ్గరికి ఎవరో ఒకరు, షట్టరు వేసుకోవడానికైనా సరే, వచ్చెదరుగాక. వారి అడుగు సొరుగులు పట్టపగలే తెరుచుకొనుగాక. ఆమేన్. ఆ లైటు ఆర్పెయ్యి.